చౌరస్తా పాటకు డీజే పాఠాంతరములు

ఒక ప్రాచీన పద్యమునకు నాలుగు తాళపత్రప్రతులలో నాలుగు పాఠములు దొరకినచో మన శాఖలలో దానిపై నాలుగు వ్యాసములైనను వెలువడును. ఏది కవిహృదయమునకు దగ్గర, ఏది లేఖకుని ప్రమాదము, ఏది బుద్ధిపూర్వకముగా చేసిన మార్పు అని తర్కించుట మనకు చిరపరిచితమైన పని. ఆ తర్కము చేసిన పండితుడే సాయంకాలము ఇల్లు చేరునప్పుడు నిజామాబాదు గాంధీచౌక్ వద్ద పెండ్లి ఊరేగింపులో తనకు తెలిసిన పాట తెలియని రూపమున మ్రోగుట విన్నచో దానిని పాఠాంతరముగా భావింపడు. రొద యనుకొని సాగిపోవును. రొద యనుట అసత్యము కాదు. కాని ఆ రొదలో వినవచ్చుచున్నది పాట. ఆ పాటకు ఒక మూలము కలదు. ఆ మూలమును ఎవరో ఒకరు తెలిసియే మార్చిరి. ఈ మూడు మాటలు ఒప్పుకొన్న పిమ్మట అది మన శాస్త్రపరిధిలోనిది కాదనుటకు వీలు లేదు.

రాక్ పద్ధతిని గిటారు, బాస్, డ్రమ్స్‌లతో కూడిన వాద్యబృందముల పాటలను ఇతరులు కంప్యూటరుపై విడదీసి, కత్తిరించి, కొత్త దరువు చేర్చి చేసిన రూపములే ఈ వ్యాసమునకు విషయము. లోకము వీనిని రీమిక్సులని పిలుచుచున్నది. 'పునర్మిశ్రణము' వంటి మాటను మనము కల్పించుకొనవచ్చును గాని, బోధన్‌లో బాక్సులు అద్దెకిచ్చువానికి అర్థము కాని మాటతో ఆతని పనిని విమర్శించుట ఉచితము కాదు. కనుక రీమిక్సు, డీజే అను వాడుకమాటలనే గ్రహించుచున్నాను. ఉదాహరణముగా తీసికొన్నది హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందము; అందును ముఖ్యముగా 'ఊరెళ్ళిపోతా మామ' అను ఒక్క పాట.

చౌరస్తా అను పేరు గమనింపదగినది. తెలంగాణపు పట్టణములలో నాలుగు బాటలు కలియు చోటికి ఇదియే పేరు. ఉర్దూనుండి వచ్చి తెలుగు నోట స్థిరపడిన పదము. ఈ బృందము చేసినదియు అట్టి కలయికయే. పల్లెపదపు పలుకుబడి ఒక బాట. విద్యుత్ గిటారు, బాస్, డ్రమ్స్ మరియొక బాట. జమైకా ద్వీపమున పుట్టిన రెగే లయ ఇంకొక బాట. రామ్ మిరియాల గాత్రముతో 2010 దశకపు చివర వీరి పాటలు అంతర్జాలము మూలమున వ్యాపించినవి. సినిమా అండ లేక ఒక తెలుగు వాద్యబృందపు పాట పల్లెపల్లెకు చేరుట అంతకు మునుపు అరుదు. అది చేరిన మార్గములలో రీమిక్సు ప్రధానమైనది. మూలమును వినక రీమిక్సునే విని, అదియే పాట యనుకొన్నవారు పెక్కుమంది కలరు.

పాట నిర్మాణము చూడుడు. పల్లవిలో ఒకడు పట్నము విడిచి తన ఊరికి తిరిగి పోవుదునని 'మామ'తో చెప్పుచున్నాడు. ఇచటి 'మామ' మేనమామ కాడు, పిల్లనిచ్చిన మామయు కాడు. నేటి యువకులు స్నేహితుని పిలుచు పిలుపు. ఆ మాటకు ఎదురుగా ఏ ఊరికి పోవుదువను ప్రశ్న వచ్చును. అనగా పాట సంవాదరూపమైనది. తిరిగి పోవలెనను కోర్కె పల్లవిది. పోదలచిన ఊరు ఆ ఊరుగా మిగిలియున్నదా యను శంక చరణములది. పల్లవి ఒక్కటియే విన్నవానికి ఇది సంతోషగీతము. చరణములతో కూడ విన్నవానికి ఇది దిగులుపాట. ఈ రెండు భావములును ఒకదానినొకటి నిలుపుచున్నవి. ఒకదానిని తొలగించినచో రెండవది వేరొకటి యగును. రీమిక్సుల మంచి చెడ్డలను నిర్ణయించుటకు నాకు తోచిన ఒరిపిడిరాయి ఇదియే.

లయను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, రీమిక్సుకారుడు ముట్టుకొనునది మాటకంటె ముందు లయనే. నాలుగు దెబ్బల ఆవృత్తిని తీసికొనుడు. సామాన్యమైన నృత్యసంగీతమున నాలుగు దెబ్బలమీదను పెద్ద డ్రమ్ము పడును. వినువాని కాలు దానంతట అదియే కదలును. రెగే దీనికి వ్యతిరేకము. గిటారు మీటు దెబ్బమీద పడక రెండు దెబ్బల నడిమి సందున పడును. 'వన్ డ్రాప్' అను ప్రసిద్ధమైన రెగే పద్ధతిలో మొదటి దెబ్బను ఖాళీగా విడిచి, మూడవ దెబ్బమీద డ్రమ్మును పలికింతురు. మన సంగీతమున సమముగా కాక ముందుగనో వెనుకగనో ఎత్తుకొను గ్రహభేదములు తెలిసినవారికి ఈ రుచి కొత్తది కాదు. ఎదురుచూచిన చోట దెబ్బ పడకుండుటచే పాట వెనుకకు వ్రాలినట్లు, అడుగు వేయబోయి ఆగినట్లు ఉండును. ఊరికి పోవుదునని చెప్పుచు, ఏ ఊరికను ప్రశ్నకు తడబడు మనుష్యుని నడక ఇట్టిదే కదా. లయయే ఇచట అర్థమును చెప్పుచున్నది.

డీజే చేయు మొదటి పని ఆ ఖాళీని పూడ్చుట. నాలుగు దెబ్బలమీదను పెద్ద డ్రమ్మును నిలిపి, దానిపై తీన్మార్ దరువు పరచును. తీన్మార్ అనగా మూడు దెబ్బలు. తెలంగాణమున పెండ్లి యన్నను, జాతర యన్నను డప్పుమీద పలుకు దరువు అది. దాని శక్తిని తక్కువ చేసి చెప్పలేను. డప్పు మ్రోగిన చోట కూర్చుండగలవాడు ఈ జిల్లాలో లేడు. అయితే ఆ దరువుతో ఆగి ఆగి నడచువాడు గుంపులోనివాడగుచున్నాడు. ఒంటరి మాట ఊరేగింపు నినాదమగుచున్నది. వేగము కూడ మారును. నిమిషమునకు 90 దెబ్బలు గల పాటను 120 దెబ్బలకు పెంచినచో నాలుగు నిమిషముల పాట మూడు నిమిషములలో ముగియును. పూర్వము రికార్డునో టేపునో వేగముగా త్రిప్పినచో గొంతు కూడ సన్నగిలి చిన్నపిల్లవాని గొంతువలె వినవచ్చెడిది. నేటి కంప్యూటరు స్థాయిని కదల్పక వేగమును మాత్రము మార్చగలదు. కావున గాయకుని గొంతు అదియే, తొందర మాత్రము వేరొకరిది. ఆతడు పాడని తొందరను ఆతని గొంతుననే వినుచున్నాము. ఈ విచిత్రమునకు మన లక్షణగ్రంథములలో పేరున్నదా?

ఉన్నదో లేదో చూచుటకు శార్ఙ్గదేవుని కడకు పోవలసియున్నది. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున వెలసిన ఈ పండితుడు సంగీతరత్నాకరమున వాగ్గేయకారుని లక్షణమును చెప్పెను. పాటలోని పలుకు మాతువు, స్వరరచన ధాతువు. రెండింటిని కూర్చువాడు వాగ్గేయకారుడు. ఇతరుల ధాతువునకు తన మాతువును చేర్చువానికి సైత మాతడు ఒక పేరు పెట్టెను: కుట్టికారుడు. పరుని స్వరమునకు తన మాట కుట్టువానిని దొంగ యనలేదు, గొప్పవాడును అనలేదు. లెక్కలో మాత్రము చేర్చెను. ఆ నిష్పక్షపాతబుద్ధి మనకు నేర్వదగినది. మన సినిమాలకు హిందీ బాణీలపై మాటలు వ్రాసిన కవులందరు ఆ పనిలో కుట్టికారులే.

రీమిక్సుకారుడు కుట్టికారుడు కాడు. ఆతడు మాతువును వ్రాయడు, ధాతువును కట్టడు. రెండును పరునివే. ఆ రెండింటితోపాటు మూడవ దానిని కూడ ఆతడు తీసికొనుచున్నాడు. అది శార్ఙ్గదేవుని కాలమున లోకమున లేదు. అది పాడిన గొంతు, మీటిన తీగ. ఒకనాడు ఒక గదిలో పలికి యంత్రమున నిలిచిపోయిన నాదము. దీనిని నాదపాఠము అందును. ధాతుమాతువులు ఎవరు పాడినను పాటవే. నాదపాఠము మాత్రము ఒక్కరిది, ఒక్క దినమునది. రీమిక్సు యొక్క నూతనత్వమంతయు ఇచటనే కలదు. కనుక దీనిని అనుకరణముతోను, పేరడీతోను, మరొక గాయకుడు పాడిన పాటతోను కలిపి మాటలాడుట తప్పుదారి పట్టించును.

ఈ కళ పుట్టుకను తలచినచో ఒక వింత కనబడుచున్నది. రెగే ఎచట పుట్టినదో రీమిక్సును అచటనే పుట్టినది. జమైకా రాజధాని కింగ్‌స్టన్ నగరమున కింగ్ టబ్బీ అని ప్రసిద్ధి పొందిన ఓస్‌బోర్న్ రడక్ విద్యుత్ పరికరముల మరమ్మతు తెలిసినవాడు. పేటల నడుమ పెద్ద బాక్సులు నిలిపి పాటలు వేయు అచటి పద్ధతి మన డీజే బండ్లకు దూరపు చుట్టరికము కలది. 1970 దశకపు తొలినాళ్లలో ఆతడు ఇతరులు పాడిన రికార్డులను తీసికొని, గొంతును చాలవరకు తొలగించి, బాస్‌ను, డ్రమ్మును మిగిల్చి, అక్కడక్కడ ఒక పలుకు ప్రతిధ్వనించి మాయమగునట్లు కూర్చెను. దానికి డబ్ అని పేరు. రికార్డుకు ఒక వైపు పాట, రెండవ వైపు ఈ రూపము. దానిని అచటివారు 'వెర్షన్' అనిరి, అనగా పాఠమనియే. అనంతరము న్యూయార్కులోని నాట్యశాలలవారు 1970 దశకపు నడిమి కాలమున పాటలను సాగదీసి పెద్ద రికార్డులపై ముద్రించిరి. అది వేరు కథ.

ఇచట గ్రహింపవలసిన దేమన, జమైకావాని రీమిక్సు తీసివేయు కళ. ఉన్న పాటలో ఖాళీలు కల్పించి, ఆ ఖాళీలలో వినువాని మనస్సును నిలుపుట. మన డీజే రీమిక్సు నింపు కళ. అదే రెగే లయతో వచ్చిన చౌరస్తా పాటలోని ఖాళీని మన డీజే పూడ్చుచున్నాడు. జమైకానుండి బయలుదేరిన పాట, జమైకానుండి బయలుదేరిన పనిముట్టు వేరువేరు బాటల బోధన్ చేరి, ఒకదానికొకటి గుర్తుపట్టలేక పోయినవి.

దీనికి డీజే నొక్కనినే తప్పు పట్టరాదు. ఆతని చేతికి చిక్కిన సామగ్రి ఎట్టిదో చూడవలెను. అమెరికాలోని లింకిన్ పార్క్ అను రాక్ బృందము 2000 సంవత్సరమున 'హైబ్రిడ్ థియరీ' అను సంపుటమును, 2002లో దాని పాటలకే రీమిక్సులతో 'రీయానిమేషన్' అను వేరొక సంపుటమును వెలువరించెను. బృందములోని మైక్ షినోడాయే ఆ పనికి పూనుకొని, వేరువేరు కళాకారులచే ఆ పాటలకు క్రొత్త రూపములు చేయించెను. కొన్నింట క్రొత్తవారు క్రొత్త మాటలు కూడ చేర్చిరి. అది నిజమైన కుట్టికారత్వము. పాటల పేర్ల అక్షరక్రమమును సైతము విరిచి, తారుమారు చేసి ముద్రించిరి. పాఠము మారినదని శీర్షికయే చాటుచున్నది. ఇట్టి పనిలో గొంతు వేరుగ, గిటారు వేరుగ, డ్రమ్ము వేరుగ దొరకును. ఇల్లు కట్టినవాడే తలుపులు తీసి లోనికి పిలిచినట్లు.

ఇందూరు డీజేకు తలుపు తీసినవారు లేరు. ఆతనికి దొరకినది ముగిసిన పాట, ఒక్క ముద్ద. గొంతు కావలెనన్నచో గిటారును దానితో వచ్చును. డ్రమ్ము వద్దన్నను పోదు. కావున తొలినాటి రీమిక్సులలో చౌరస్తావారి దరువు అడుగున, డీజే దరువు పైన, రెండును కొంచెము తప్పుకొని కొట్టుకొనుచుండును. దీనిని వినికిడిగల వారెవరైనను గుర్తింపవచ్చును. లేఖకుడు పాత ఆకుపై అక్షరములు చెరిపి క్రొత్తవి వ్రాయగా పాతవి లోనుండి తొంగిచూచునట్లు ఉండును. 2019లో డీజర్ అను ఫ్రెంచి సంస్థ స్ప్లీటర్ అను సాధనమును ఉచితముగా విడుదల చేసినది. ముగిసిన పాటనుండి గొంతును వాద్యములనుండి వేరు చేయుటకు అది ఉపకరించును. ఆ పిమ్మట అట్టి సాధనములు పెక్కు వచ్చినవి. ఈనాడు లాప్‌టాపు గల ఏ యువకుడైనను గొంతును విడదీయగలడు. అయితే విచిత్రమేమన, సాధనము చక్కబడిన కొలది రీమిక్సు చదునైనది. పాత మిక్సులో అడుగునుండి తొంగిచూచు రెగే గిటారు ఆ పాట పుట్టుకను గుర్తుచేయుచుండెను. గొంతు విడిపోయిన పిదప ఆ గుర్తును పోయినది. నైపుణ్యము హెచ్చుట వలన పాఠము క్షీణించిన సందర్భములు మన లిఖితప్రతులలోను లేకపోలేదు; చక్కని దస్తూరి గల లేఖకుడు తనకు అర్థము కాని పదమును అర్థమగు పదముగా దిద్దిపోవుట మన మెరిగినదే.

ఇక ముద్రను గూర్చి. అన్నమాచార్యుని పదముల చివర వేంకటేశ్వరుడును, క్షేత్రయ్య పదములలో మువ్వగోపాలుడును కనబడుదురు. ముద్ర చూచి కర్తను గుర్తింతుము. రీమిక్సునకును ముద్ర కలదు. పాట ఎత్తుగడలోనే 'డీజే ఫలానా' అని ఒక గొంతు గంభీరముగా పలుకును; పల్లవి తిరిగి వచ్చు ముందు మరల పలుకును. ఇది పాట చేసినవాని ముద్ర కాదు, పాట మార్చినవాని ముద్ర. పదకర్త ముద్ర చివరి చరణమున అణగియుండును. దేవుని పేరు వెనుక కవి నిలుచును. డీజే ముద్ర ముఖద్వారముననే నిలుచును. దీనికి కారణము గర్వమొక్కటియే కాదు. ఒక డీజే చేసిన మిక్సును వేరొకడు పెన్ డ్రైవులో ఎక్కించుకొని తన బండిపై వేయకుండ కాచుకొను ఉపాయమది. గొఱ్ఱెపై వేసిన గుర్తువంటిది. పాటల యేరులో దిగిన ప్రతివాడును తన కడవను గుర్తుపట్టుకొనవలెను గదా. అయితే ఈ గుర్తులాటలో చౌరస్తా అను పేరు ఎచటను వినబడదు. 'మామ పాట వేయుము' అందురు. అది ఎవరిదని అడుగరు.

ఇచట ఒక ప్రతివాదము వచ్చును. జానపదగేయమునకు కర్త పేరుండదు. వ్యాపించిన పాట పేరు కోల్పోవుట సహజమే. కావున డీజే రీమిక్సు నేటి జానపదము అని కొందరు పరిశోధక విద్యార్థులు వాదించుచున్నారు. వాదము ఆకర్షణీయముగా ఉన్నది గాని సరికాదు. తెలుగు జానపదగేయములపై 1950 దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజుగారు మొదలు నేటివరకు ఈ శాఖలవారు గ్రహించిన విషయమొకటి కలదు: జానపదగేయము పాడు ప్రతి నోటను మాతువు మారును. ఒక ఊరి బతుకమ్మ పాటలో లేని పేరు వేరొక ఊరి పాటలో చేరును. ఒక చరణము జారిపోవును, రెండు చరణములు పుట్టును. పాడువారి బ్రతుకు పాటలోనికి వచ్చి చేరును. రీమిక్సులో మాతువు గడ్డకట్టియున్నది. డీజే దానిని కత్తిరింపగలడు, పదే పదే త్రిప్పగలడు. ఒక్క మాటను చేర్చలేడు. జానపదము కలుపుకొని పెరుగును. రీమిక్సు కోసికొని తిరుగును. దానికి దీని పేరు పెట్టినచో రెండింటికిని అన్యాయము చేసినట్లగును.

అయితే బోధన్ విషయమున ఈ వాదమును ఇంతటితో విడువలేము. పాట ఎచట మ్రోగుచున్నదో ఆ చోటు కూడ పాఠములో భాగమే. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీరు ఈ నేలకు చెరకును తెచ్చినది. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము బోధన్ ప్రక్కన శక్కర్‌నగర్‌ను సృష్టించినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. కాలువల వెంట కోస్తాజిల్లాలనుండి వచ్చిన రైతులు నెలకొల్పిన పల్లెలను నేటికిని క్యాంపులనియే పిలుచుచున్నారు. ఎల్లకు అవతల మహారాష్ట్రము. ఇవతల తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినవచ్చు అంగడి. 2002లో కర్మాగారము ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయినది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటింపగా మూతపడినది. ఇంకొక వైపు ఈ జిల్లానుండి గల్ఫ్ దేశములకు వలసపోయిన కుటుంబములు లెక్కకు మిక్కిలి.

ఇట్టి చోట 'ఊరికి పోవుదును' అను పల్లవి వినబడినచో దానికి ప్రశ్న తప్పక తగులును. ఏ ఊరు? తాతలనాడు విడిచివచ్చిన కోస్తా ఊరా, ఇచట కట్టుకొన్న క్యాంపా? దుబాయినుండి వచ్చువానికి ఊరనగా ఇల్లా, లేక ఇంటిలోని వృద్ధులా? కర్మాగారపు క్వార్టరులో పుట్టి పెరిగినవానికి ఊరేది? చౌరస్తావారు బోధన్‌ను తలచి ఆ పాట కట్టియుండరు. కాని ఆ పాటలోని ప్రశ్న మరి యెచటికంటె ఇచట ఎక్కువ పదునుగా తెగును. సరిగా ఆ ప్రశ్ననే ఇచటి ఊరేగింపు మిక్సులు ఎక్కువగా కోసివేయుచున్నవి.

కోత ఎట్లు జరుగుచున్నదో చెప్పవలెను. డీజే మిక్సునకు ప్రాణము 'డ్రాప్' అనబడు ఘట్టము: దరువును క్రమముగా బిగించి, ఒక్క క్షణము నిశ్శబ్దముగ విడిచి, ఆ పిదప బేస్‌తో కూల్చుట. ఆ నిశ్శబ్దమున ఒక పొట్టి పలుకు కావలెను. దానికి పల్లవిలోని మొదటి పాదము సరిగా అమరును. చరణము అమరదు, చరణమున చెప్పవలసిన విషయమున్నది, విషయము చెప్పుటకు కాలము కావలెను, కాలమున్న చోట ఆడువారు ఆగిపోవుదురు. కావున పల్లవి నాలుగుమార్లు, ఎనిమిదిమార్లు తిరుగును; చరణములలో ఒకటి మిగిలిన అదృష్టము. ప్రశ్న వేయు రెండవ గొంతు పోవుటతో సంవాదము ప్రకటనమగుచున్నది. ఊరికి పోవుదునను మాటకు అడ్డు చెప్పువాడు లేడు. తిరిగిపోవలెనని మూలుగు పాట, బయలుదేరితినని కేకవేయు పాటగా మారినది. పెండ్లికుమారుని బండి ముందు అది ఒప్పునేమో. పెండ్లికుమారుడు నిజముగనే ఒక ఊరికి పోవుచున్నాడు.

నేను విన్నంతలో మెచ్చదగిన మిక్సులు లేకపోలేదు. కొన్నింట డీజే తెలివిగా ప్రశ్న పలుకును మాత్రము డ్రాప్‌నకు ముందరి నిశ్శబ్దమున ఉంచెను. పల్లవి తిరుగుచుండగా ఒక్కసారి దరువంతయు ఆగును. ఏ ఊరికను ప్రశ్న ఒంటిగా వినబడును. ఆడుచున్న పిల్లలు తమ ఊరి పేరును కేకవేసి బదులిత్తురు. దరువు మరల కూలును. ఇది గొప్ప పాఠాంతరము. ఏలయన, గడ్డకట్టిన మాతువులోనికి క్రొత్త మాట రానేరదని పైన అంటిని. ఇచట అది వచ్చినది. యంత్రమునుండి కాక వీథినుండి వచ్చినది. ఆ కేకలో ఒక ఊరి పేరు చేరినప్పుడు మాత్రము డీజే పాట జానపదమునకు గడప వరకు వచ్చినదని ఒప్పుకొందును. ఆ మిక్సు ఖాళీని పూడ్చక ఖాళీని కల్పించినది. కింగ్ టబ్బీ చేసిన పని అదియే.

డీజే ప్రభావము ఎంతవరకు పోయినదో చూచుటకు ఒక చిన్న ఉదాహరణము. 2022లో వచ్చిన 'డీజే టిల్లు' చిత్రపు శీర్షికగీతమునకు స్వరము కూర్చి పాడినది రామ్ మిరియాలయే. మాటలు కాసర్ల శ్యామ్‌వి. ఎవని పాటను డీజేలు మార్చిరో ఆతడే డీజేను నాయకునిగా కీర్తించు పాట కట్టెను. అందు ఊరేగింపు దరువు మొదటినుండియే కలదు, ఎవరును చేర్చనక్కరలేదు. ఇటీవలి తెలంగాణపు ప్రైవేటు పాటలలో పెక్కింటి తీరు ఇదియే: రీమిక్సు అయినట్లుగనే పుట్టుచున్నవి. పాఠాంతరమే మూలమునకు మాదిరి యగుచున్నది. ఇట్టి పాటలను మరల రీమిక్సు చేయువానికి మిగులునది వేగము పెంచుటయు, తన పేరు చెప్పుటయు మాత్రమే.

చట్టపు సంగతి సంక్షేపముగా చెప్పి విడిచెదను. 1957 నాటి కాపీరైటు చట్టము మతసంబంధమైన ఉత్సవములలో పాటను వినిపించుటను ఉల్లంఘనముగా లెక్కింపదు. పెండ్లి ఊరేగింపును ఆ ఉత్సవములలో చేర్చినట్లు వివరణమున స్పష్టముగా ఉన్నది. కాని పరుని ధ్వనిముద్రణమును అనుమతి లేక కత్తిరించి, క్రొత్త రూపముగా ప్రచురించుటకు ఆ మినహాయింపు చాలదు. కర్తకు తన పేరు చెప్పించుకొను హక్కును, తన కృతిని తనకు అపకీర్తి కలుగునట్లు వికృతము చేయకుండ అడ్డుకొను హక్కును అదే చట్టము ఇచ్చుచున్నది. వీథిలో మ్రోగించుట ఒకటి, మార్చి వెలువరించుట ఒకటి అను ఈ భేదము మన విమర్శకును పనికివచ్చును. శబ్దపరిమితి వేరు ప్రశ్న. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే బాక్సులను నిషేధించిరి. ఆసుపత్రి ముందు మ్రోగు బాక్సును సమర్థించు రసికత నాకు లేదు. కాని పాట మంచిదా కాదా అను విచారము ధ్వని యెంత అను కొలతతో తీరదు.

ఇక చేయవలసిన పని. ఈ మిక్సులు తాళపత్రములకంటె అల్పాయుష్కములు. ఒక మిక్సు ఒక పెండ్లిళ్ల కాలమంతయు మ్రోగి, వచ్చు కాలమునకు చెరిగిపోవును. ఫోను మార్చినప్పుడు పోవును, అంతర్జాలమున పెట్టినది హక్కుదారు ఫిర్యాదుపై తొలగును. డిచ్‌పల్లిలో 2006లో నెలకొన్న తెలంగాణ విశ్వవిద్యాలయము ఈ జిల్లా నడుమనే ఉన్నది. అచటి పరిశోధక విద్యార్థి ఆషాఢమున ఇందూరి ఊర పండుగకును, భాద్రపదమున వినాయకుని నిమజ్జనమునకును, పెండ్లిళ్లకును పోయి ఈ పాఠములను సేకరింపవచ్చును. సేకరించునప్పుడు పాట పేరు, డీజే ముద్ర వ్రాసికొన్నంత మాత్రమున చాలదు. మూలమున ఏ చరణములున్నవి, మిక్సులో ఏవి మిగిలినవి, పల్లవి ఎన్నిమార్లు తిరిగినది, అడుగున పాత దరువు వినబడుచున్నదా, ప్రశ్న పలుకు ఉన్నదా పోయినదా, ఉన్నచో గుంపు ఏమని బదులిచ్చినది అను వానిని తేదీతో, చోటుతో సహా గుర్తింపవలెను. ముఖ్యముగా ఒకే మిక్సు నిజామాబాదులో మ్రోగినప్పుడును, శక్కర్‌నగర్ క్వార్టర్ల ముందుగా సాగినప్పుడును వచ్చిన బదులును వేరువేరు వరుసలలో వ్రాసికొనవలెను. ఏ ఊరని అడిగినప్పుడు రెండు చోట్లను ఒకే పేరు వినబడదు.